సరస్సుకి పేలు పట్టిన వేసవి

కెనడాలో నా మొదటి ఉద్యోగం వానపాముల్ని లెక్కపెట్టడం. డబ్బాలో పిడికెడు మట్టి, డజను వానపాములు, పైన మూత. మళ్లీ ఇంకో డబ్బా. జగిత్యాల నుంచి మా అమ్మ ఫోన్‌ చేసి "ఏం పని జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగితే "సేల్స్ అసోసియేట్" అని చెప్పాను. అబద్ధమేమీ కాదు, ఆ డబ్బాలు అమ్మేది కూడా నేనే.

ఆ ఏడాది కాలేజీల్లో ఇసకేస్తే రాలనంతమంది మనవాళ్లం దిగాం. ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందని తెలిస్తే తలుపు తీయకముందే యాభైమంది రెజ్యూమెలు పట్టుకుని నిలబడేవాళ్లం. నేను టొరంటో పక్కనున్న ఓక్‌విల్ అంతా తిరిగి తిరిగి, చెప్పులరిగాక, సరస్సు ఒడ్డున గాలాలూ ఎరలూ అమ్మే చిన్న షాపులోకి వెళ్లాను. నాకంటే ముందొచ్చిన ఇద్దరు ఫ్రిజ్‌లో వానపాముల్ని చూసి దండం పెట్టి వెళ్లిపోయారట. యజమానురాలు అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చేతులు మడిచిన చొక్కాలో ఉండేది. నా చేతిలో ఒక డబ్బా పెట్టి మూత తీయమంది. నేను తీసి చూసి, "మూత మీద డజనని ఉంది, ఇందులో పదకొండే ఉన్నాయి" అన్నాను. ఆ పూటే ఉద్యోగమిచ్చింది.

నేను అద్దెకున్నది ఒక తెలుగువాళ్లింటి బేస్‌మెంట్‌లో. ఇంటి ఓనరు అంకుల్‌ది గుంటూరు వైపు. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం పదేళ్లు ఎదురుచూసి, విసుగెత్తి ఇటొచ్చి, టొరంటోలో సాఫ్ట్‌వేర్ మేనేజరయ్యారు. ఆంటీది తణుకు. అంకుల్ రెండేళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ బోటు కొన్నారు, లేక్ ఒంటారియోలో సాల్మన్ పడదామని. ఆ బోటు మీద రెండు వేసవులు గడిపారు. మెడ నల్లబడింది, సన్‌గ్లాసులు రెండు జతలు నీళ్లలో పడిపోయాయి, చేప మాత్రం ఒక్కటీ పడలేదు. ప్రతిసారీ వచ్చేటప్పుడు దారిలో సూపర్ మార్కెట్లో ఆగి సాల్మన్ ముక్కలు కొనుక్కొచ్చేవారు.

ఆ వేసవి వరకూ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. మే నెలలో ఆంటీ వాళ్ల నాన్నగారు వచ్చారు.

ఆయన్ని నేను తాతగారూ అనేదాన్ని. తణుకులో నలభై ఏళ్లు బియ్యం కొట్టు నడిపిన మనిషి. దిగిన రెండో రోజే ఇండియన్ స్టోర్‌కి తీసికెళ్తే, సంచి మూల చించి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఊది, ఒకటి కొరికి, "ఇది పాతది కాదు. సన్నం కూడా కాదు. సంచి మీద అబద్ధం అచ్చేశాడు" అని తేల్చారు. స్టోరు ఓనరు మొహం చూడాలి. ఆయన లోకంలో వస్తువులన్నీ రెండే రకాలు, సన్నవీ ముతకవీ. పంచె సన్నంగా ఉండాలి, సేమ్యా సన్నంగా ఉండాలి, చివరికి మనిషి గొంతు కూడా సన్నంగా ఉంటేనే సంస్కారం. ముతక అన్న మాట అనేటప్పుడు ఆయన మూతి ఒక పక్కకి తిరిగేది.

ఆదివారాలు నన్నూ పైకి భోజనానికి పిలిచేవాళ్లు. మొదటి ఆదివారమే ఆయన అడిగారు.

"అమ్మాయ్, మీవైపు ఏ బియ్యం తింటారండి?"

"సన్నబియ్యమే తాతగారూ. సోనా మసూరి."

ఎందుకన్నానో తెలీదు. మా ఇంట్లో రోజూ ఉడికేది రేషన్ షాపు దొడ్డుబియ్యం, ఆయన మాటల్లో ముతకవి. సన్నబియ్యం డబ్బా చుట్టాలొస్తేనే తెరిచేవాళ్లం, చుట్టాలు వెళ్లగానే అమ్మ మూత బిగించేది. ఆయన తల పంకించి "ఆయ్, బాగుంది" అన్నారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఇక భోజనాల దగ్గర అంకుల్ బోటు ప్రస్తావన రాని ఆదివారం లేదు. తాతగారు అల్లుణ్ణి ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు, గట్టిగా మాట్లాడనూ లేదు. అత్యంత మర్యాదగా చంపేవారు.

"అల్లుడుగారి బోటు పెట్రోలు తాగుతుంది, అల్లుడుగారు కాఫీ తాగుతారు. చేప మాత్రం కొట్లోదే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ముక్కలు మటుకు చాలా సమంగా కోస్తున్నాడండి ఆ కొట్టువాడు."

అంకుల్ నవ్వేవారు. ఆ నవ్వు చెవులదాకా వెళ్లకుండానే ఆగిపోయేది. జూలై నెలాఖరున ఒక సాయంత్రం నేను షాపు నుంచి వస్తుంటే గరాజ్ ముందు నన్ను ఆపారు.

"నువ్వు గాలాల షాపులోనేగా పనిచేసేది? నాకో సాయం చెయ్యి. మావయ్యగారు ఆగస్టు చివర్లో వెళ్లిపోతున్నారు. ఈలోగా ఒక్క చేప. ఒక్కటంటే ఒక్కటి, నా చేత్తో పట్టింది, ఆయన కళ్లముందు. పెళ్లిలో అప్పగింతలప్పుడు ఆయన ఏమన్నారో తెలుసా? 'మా అల్లుడుగారికి కంప్యూటరు తప్ప చేతిపని రాదు' అన్నారు. పదహారేళ్లయింది. మైకులో అన్నారు."

కంపెనీలో నలభైమందిని శాసించే మనిషి, వానపాములు లెక్కపెట్టే నన్ను బతిమాలుతున్నారు. నాకు జాలేసింది. సరేనన్నాను.

ఇక్కడ మా సరస్సుకి పట్టిన పీడ గురించి చెప్పాలి. వేసవి ముదిరేసరికి నీళ్లలో వాటర్ ఫ్లీలు అని ఒక రకం పురుగులు లేస్తాయి. గోరంత కూడా ఉండవు. ఒళ్లు చిన్నది, తోక పొడుగు, ఆ తోకకి ముళ్లు. ఎప్పుడో యూరప్ వైపు నుంచి ఓడల అడుగున నింపుకొచ్చిన నీళ్లతోపాటు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయట. బోటు వెనకాల నీళ్లలో లాగే గాలం దారానికి ఆ తోకలు చిక్కుకుంటాయి. ఒకదానికొకటి పట్టుకుని ముద్దలు ముద్దలుగా పోగవుతాయి. దారం వెనక్కి చుట్టేటప్పుడు ఆ ముద్ద రాడ్డు కొసన ఉన్న చిన్న రింగులో ఇరుక్కుంటుంది. ఇక దారం చుట్టే రీలు తిరగదు. మందూ మాకూ లేవు. ఉన్న విరుగుడల్లా లావు దారం వాడటమే. సన్నదారానికి పట్టుకున్నట్టుగా లావుదానికి ఆ తోకలు పట్టుకోలేవు, చాలామటుకు జారిపోతాయి.

ఆ నెలంతా షాపులో వాటి మీదే తిట్లు. ఒకాయన కౌంటరు మీద చెయ్యేసి, "ఎక్కడినుంచో వస్తాయి, పిలిచినవాడు లేడు. వచ్చి ఊరుకుంటాయా? ఎటు చూసినా అవే. ఇక్కడి చేపపిల్లల తిండంతా తినేస్తున్నాయి" అని ఆవేశపడి, నన్ను చూసి, జేవురించిన మొహంతో, "నేనన్నది పురుగుల్ని" అన్నాడు. "నాకు తెలుసండీ, వాటికి స్టడీ పర్మిట్ కూడా లేదు" అన్నాను. పాపం అవసరం లేకపోయినా రెండు డబ్బాల వానపాములు కొనుక్కెళ్లాడు.

యజమానురాలు నాకు ఖరాఖండీగా చెప్పింది. "జూలై దాటాక సాల్మన్‌కి వెళ్లేవాళ్లెవరికీ సన్నదారం అమ్మకు. ఏడ్చినా అమ్మకు. నలభై పౌండ్లది ఇవ్వు." పౌండ్లంటే ఎంత బరువుకి తెగుతుందన్న లెక్క. నలభైదంటే బాగా లావు.

ఆగస్టు మూడో శనివారం అంకుల్ షాపుకి వచ్చారు, వెంట తాతగారు కూడా. నేను నలభై పౌండ్ల దారం కండె తీసి కౌంటరు మీద పెట్టాను. తాతగారు కొస లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు. మూతి పక్కకి తిరిగింది.

"ఇదేంటండి బాబూ, నులకమంచం తాడులా ఉంది. ఇది చూసి చేప వస్తుందా, పారిపోతుందా? ఇంతకంటే సన్నం లేదా?"

"ఉంది తాతగారూ, కానీ ఈ సీజన్‌లో నీళ్లలో పురుగులుంటయి. సన్నదానికి పట్టుకుంటయి."

"పురుగులా?"

"పేల లెక్క ఉంటయి."

"సరస్సుకి పేలు పట్టడమేంటమ్మా!" అని ఆయన షాపంతా వినపడేలా నవ్వారు. తరవాత అర వైపు వెళ్లి, బియ్యం సంచులు తడిమినట్టే ఒక్కో కండె తడుముతూ వెళ్లి, పన్నెండు పౌండ్లది పట్టుకున్నారు. వెలుతురుకి ఎత్తి చూశారు. కళ్లు మెరిశాయి. "ఇదీ సరుకంటే. వెంట్రుకలా ఉంది. అల్లుడుగారూ, ఇది తీసుకోండి."

అంకుల్ నావైపు చూశారు. చెప్పమన్నట్టు. నాకు తెలుసు, యజమానురాలు చెప్పింది, ఏడ్చినా అమ్మొద్దంది. కానీ డెబ్బై దాటిన పెద్దాయన, ఒక వస్తువు చేత్తో పట్టుకుని ఇదే మంచిదంటుంటే, కాదు మీకు తెలీదనడం నాకు చిన్నప్పట్నుంచి ఎవరూ నేర్పలేదు. పైగా ఆయన "సోనా మసూరి తినే పిల్లవి, నీకు చెప్పాలా" అన్నారు. అంతే. ఆ సన్నదారమే రీలుకి చుట్టి ఇచ్చాను. చేప తప్పిపోతే పాపం నాదేనని చుడుతున్నప్పుడే తెలుసు.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. ఆంటీకి బోటంటే వాంతులు కాబట్టి రాలేదు. లైసెన్సులన్నీ ఉన్నాయి, పులిహోర ఉంది, అంకుల్ దగ్గర కొత్త సన్‌గ్లాసులున్నాయి, వాటికి ఈసారి తాడు కూడా కట్టుకున్నారు. ఒడ్డు సన్నగా కనపడేంత దూరం వెళ్లి, దారం వదిలి, బోటు నెమ్మదిగా నడిపించాం. గంట గడిచింది. తాతగారు గోదావరిలో పులస ఎలా ఎదురీదుతుందో చెబుతున్నారు.

ఉన్నట్టుండి రాడ్డు వంగింది.

అంకుల్ "పడింది! పడింది!" అని అరిచి రాడ్డు అందుకున్నారు. దూరంగా నీళ్లమీద వెండిలా తళుక్కున ఎగిరి పడింది. పెద్దదే. అంకుల్ రీలు తిప్పుతున్నారు, తిప్పుతున్నారు, ఠక్కున ఆగిపోయింది. చూస్తే రాడ్డు కొసన ఉడికిన సగ్గుబియ్యం ముద్ద, దాన్నిండా నల్లచుక్కలు. ఆ చుక్కలు ఆ పురుగుల కళ్లు.

"తిప్పండి అల్లుడుగారూ!"

"తిరగట్లేదు మావయ్యగారూ!"

"బలంగా తిప్పండి!"

నేను చేత్తో ఆ ముద్దని గీకాను. వేళ్లకి జిగురు, ముళ్లు. ఒక ముద్ద గీకేలోపు దారం వెంట ఇంకో బెత్తెడు ముద్ద వచ్చి ఇరుక్కుంది. అంకుల్‌కి ఏం చెయ్యాలో తోచక రాడ్డుతోసహా బోటులో వెనక్కి నడిచారు. మా బోటు పొడవు ఎంతని, నాలుగడుగులకే పులిహోర డబ్బాలో కాలు పెట్టారు. అప్పుడే చేప ఒక్క గుంజు గుంజింది. టప్‌మని చిన్న చప్పుడు. రాడ్డు నిటారుగా లేచింది.

 అంకుల్ పసుపుపచ్చటి బూటుతో అలాగే నిలబడ్డారు. తాతగారు, చాలా మెల్లగా, మర్యాదగా అన్నారు. "పోన్లెండి. తిప్పడం కూడా చేతిపనే కదండి."

 దారం మావయ్యగారు ఎంచిందనీ అంకుల్ అనలేదు, షాపు పిల్ల నేను అమ్మిందనీ అనలేదు. నీళ్లవైపు తిరిగి సన్‌గ్లాసులు పెట్టుకున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది.

సోమవారం షాపులో యజమానురాలికి జరిగింది చెప్పాను. ఆవిడ వానపాముల డబ్బా పక్కన పెట్టింది.

"నీకు చెప్పాను కదా అమ్మొద్దని?"

"పెద్దాయన అడిగారు. మావాళ్లలో పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పం."

"మంచి అలవాటే. మీ పెద్దవాళ్ల మాట చేపలు కూడా వింటాయా?"

 ఇక తాతగారు వెళ్లడానికి మిగిలింది ఒక్క ఆదివారం, మంగళవారం ఫ్లయిటు. లావు దారం వేద్దామంటే తాతగారు ఒప్పుకోరు, అంకుల్‌కి చెబితే మావగారి ముఖం చూడగానే కక్కేస్తారు. అందుకని "రీలుకి పురుగులు పట్టాయి అంకుల్, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, షాపుకి తీసికెళ్తా" అన్నాను. అది నిజమే, ప్రతి కస్టమరుకీ మేం చెప్పేదే. కడిగాను, ఆరబెట్టాను. వెంట్రుకలాంటి సన్నదారమంతా లాగి పారేసి నలభై పౌండ్లది చుట్టి తెచ్చేశాను. తాతగారికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషనైంది, దగ్గరి చూపు ఆనదు. నా ధైర్యమంతా అదే.

ఆదివారం మళ్లీ ముగ్గురం. ఈసారి పులిహోర డబ్బా సీటు కింద. తాతగారు బోటెక్కుతూనే "ఆ సన్నదేగా?" అన్నారు. "అదే తాతగారూ" అన్నాను. ఆయనతో చెప్పిన రెండో అబద్ధం. ఎండ ఎక్కేదాకా ఏమీ లేదు. అంకుల్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. నాలో నేను ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కుతున్నాను, ఇక్కడి చేపలమీద వాళ్లకి అధికారం ఉందో లేదో తెలీకుండానే.

రాడ్డు వంగింది.

అంకుల్ ఈసారి అరవలేదు. పళ్లు బిగించి తిప్పడం మొదలుపెట్టారు. దారం మీద అక్కడక్కడ పురుగులు కనపడ్డాయి, రింగు దాకా వచ్చి పలచగా జారి నీళ్లలో పడుతున్నాయి. రెండుసార్లు చిన్న ముద్ద పేరుకుంది, నేను వేలితో ఊడ్చేశాను. రీలు ఆగలేదు. చేప లోతుకి దిగింది, పైకొచ్చింది, బోటు చుట్టూ తిరిగింది.  పావుగంటకి బోటు దగ్గరికి వచ్చి పక్కకి వాలింది. నా చెయ్యంత పొడుగుంది.

వల నా చేతిలో ఉంది కానీ చేప రెండడుగులు అవతల ఉంది. దగ్గరికి లాగాలి. నేను వద్దనేలోపు తాతగారు వంగి దారం పట్టుకున్నారు.

పట్టుకుని, ఆగారు. బొటనవేలు, చూపుడువేలు. ఒక్కసారి నలిపారు. తలెత్తి నావైపు చూశారు.  నలభై ఏళ్లు బియ్యం నలిపిన వేళ్లకి శుక్లాల ఆపరేషన్‌తో పనేముంది!

"చూస్తావేంటమ్మా, వల పెట్టు!" అన్నారు.

పెట్టాను. చేప బోటులో పడి తపతపా కొట్టుకుంది. అంకుల్ అక్కడే కూలబడి, చేప పక్కన చేపలాగే నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్నారు. తాతగారు జేబులోంచి ఫోన్ తీసి తణుకు వీడియో కాల్ చేశారు. "ఇదిగో, మా అల్లుడుగారు పట్టారు. సొంత చేత్తో. రెండు చేతుల్తో ఎత్తినా లేవట్లేదు. కంప్యూటరు ఒక్కటే కాదర్రా, చేతిపని కూడా వచ్చు మా అల్లుడుగారికి." ఆ చివరి మాట ఎందుకన్నారో తణుకులో ఎవరికీ అర్థమై ఉండదు. అంకుల్ సన్‌గ్లాసులు తీసి చొక్కాతో చాలాసేపు తుడిచారు. తాతగారు ఫోన్‌లో ఇంకా చెబుతూనే ఉన్నారు, "దారం మటుకు నేనే ఎంచాను. సన్నది."

ఒడ్డుకొచ్చాక అంకుల్ బోటు కడుతుంటే తాతగారు నా పక్కన బెంచీ మీద కూచున్నారు.

"ఎంత లావుది వేశావు?"

"నలభై. తప్పయిపోయింది తాతగారూ."

"ఊఁ." వేళ్లకంటిన జిగురు బెంచీకి తుడుచుకున్నారు. "మీ ఇంట్లో తినేది ఏ బియ్యం?"

ఇక దాచడానికి ఏముంది? "దొడ్డువి. రేషన్‌వి."

"తెలుసు. మొదటిరోజు నువ్వు కలుపుకునేటప్పుడే చూశా. సన్నాలు తిని పెరిగిన చెయ్యి అలా గట్టిగా పిసికి కలపదు." ఆయన గొంతు తగ్గింది. "నలభై ఏళ్లు ఊరందరికీ సన్నాలు అమ్మానమ్మా. ఇంటికి తీసికెళ్లింది మటుకు ముతకవే. సన్నం అమ్ముకుంటేనే కదా నలుగురం తినేది. మా పిల్లలంతా అవి తినే పెరిగారు. సంబంధం వచ్చినప్పుడు మాత్రం అల్లుడుగారి వాళ్లకి సన్నాలే వండించాను. ఇప్పటికీ ఆయనకి తెలీదు." నావైపు తిరిగి, "నువ్వూ చెప్పకు" అన్నారు.

నేను ఈయన్ని చూసి మూడు నెలలు భయపడ్డాను. ఆ క్షణాన ఆయన మా నాన్నలా కనిపించారు. నవ్వాలో ఏడవాలో తెలీక వాటర్ బాటిల్ ఇచ్చాను.

ఆ రాత్రి ఆంటీ చేపల పులుసు పెట్టింది. బల్లమీద మల్లెపూవులాంటి సన్నన్నం. తాతగారు పులుసు పోసుకుని, ఒక ముద్ద కలిపి, కంచంకేసి చూసి చెయ్యి ఆపేశారు. అల్లుణ్ణి చూశారు. అంకుల్ తన చేప ముక్కని ఇంకా తినకుండా తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

"అల్లుడుగారూ, మీరు పట్టిన చేపకి ఈ అన్నం సరిపోదండి. పులుసు నిలవట్లేదు, జారిపోతుంది. దీనికి ముతకన్నం ఉండాలి." ఆ మాట అన్నప్పుడు ఆయన మూతి తిరగలేదు. "మేం ఇంట్లో అదే తినేవాళ్లం. ఎప్పుడూ అదే."

అంకుల్ తలెత్తారు. "ముతకవా? మీరా మావయ్యగారూ? ఇప్పుడెక్కడ దొరుకుతాయి, స్టోరు మూసేశారే?"

 ఆంటీ లేచి పాంట్రీలోకి వెళ్లి, కింది అరలో పిండి డబ్బాలన్నీ పక్కకి జరిపి, వెనకనుంచి ఒక సంచి లాగింది. మీద ఇడ్లీ రైస్ అని రాసుంది, లోపల లావుపాటి ముతక గింజలు.

"ఇడ్లీలకని కొన్నావు కదా అవి?" అన్నారు అంకుల్.

"మనింట్లో ఇడ్లీ ఎప్పుడు వేశానండీ?" అంది ఆంటీ, వాళ్ల నాన్న వైపు చూడకుండా.

సంచి అప్పటికే సగం అయిపోయి ఉంది.